గుండు మిషను అలిగిన కారణం

1979 జూన్‌లో కంపెనీ నన్ను కర్నూలు నుంచి నంద్యాలకు సర్వీసు ఇన్‌స్పెక్టరుగా వేసింది. ఇన్‌స్పెక్టరు అనగానే లాఠీ, టోపీ ఊహించుకోవద్దు. రైల్వే ప్లాట్‌ఫారాల మీద, బస్టాండ్లలో నాణెం వేస్తే బరువు అచ్చేసిన అట్టముక్క బయటికొచ్చే తూకం మిషన్లు మీకు గుర్తుండే ఉంటాయి. వాటిని నడిపించే మద్రాసు కంపెనీ ఒకదానిలో నేను ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. మా కొలువులో మెట్లు నాలుగు. అప్రెంటిసు, ఫిట్టరు, మెకానిక్కు, ఆపైన సర్వీసు ఇన్‌స్పెక్టరు. మెకానిక్కు మిషను విప్పగలడు, బిగించగలడు. ఎందుకు చెడిందో కార్డు మీద రాసి సంతకం పెట్టే అధికారం మాత్రం ఇన్‌స్పెక్టరుదే.

ఆ కార్డు గురించి కొంత చెప్పాలి. దానిలో ఐదు గళ్ళు ఉండేవి. వచ్చిన ఫిర్యాదు, కనిపించిన లోపం, లోపానికి కారణం, చేసిన మరమ్మతు, మిషను యజమాని సంతకం. తెల్ల ప్రతి యజమానికి, గులాబీ ప్రతి మద్రాసుకు. మా చీఫ్ ఇంజనీరు కారణం గడి విషయంలో మహా పట్టుదల మనిషి. అది ఖాళీగా పంపినా, ‘తెలియదు’ అని రాసినా కార్డు తిరుగు టపాలో వచ్చేది. అందువల్ల ఏ లోపమైనా దాని మూలం దాకా వెళ్ళి పట్టుకోవడం నాకు అలవాటైంది. అలవాటే కాదు, దాన్ని గురించి నాకు కొంత గర్వం కూడా ఉండేది. ఆ గర్వం సంగతే ఇప్పుడు చెప్పబోతున్నాను. మనుషుల పేర్లు మార్చాను, ఒక ఊరి పేరు చెప్పడం లేదు.

డోన్, నంద్యాల స్టేషన్లు, శ్రీశైలం, ఆళ్ళగడ్డ బస్టాండ్లు నా పరిధి. తూకం మిషన్లు కాక నంద్యాలలో మా కంపెనీది మరో వస్తువు ఉండేది. అది పిన్‌బాల్ మిషను. మద్రాసు హార్బరులో ఏదో వేలంలో కంపెనీ వాళ్ళు నాలుగైదు కొన్నారట. వాటిలో ఒకటి బస్టాండు దగ్గర మాబుసాబ్ టీ హోటల్లో పెట్టారు. చూడని వాళ్ళ కోసం చెబుతాను. నడుము ఎత్తున నాలుగు కాళ్ళ మీద నిలబడిన వాలు బల్ల. పైన అద్దం. నాణెం వేసి స్ప్రింగు గుంజి వదిలితే ఇనుప గుండు పైకి పోయి, రబ్బరు దిమ్మెలకు కొట్టుకుంటూ కిందికి దిగుతుంది. ఆ దెబ్బదెబ్బకీ గంట మోగి అంకెలు తిరుగుతాయి. గుండు కింది గుంతలో పడకుండా రెండు పక్కలా మీటలు నొక్కి చిన్న రెక్కలతో పైకి తన్నాలి. ఒక ఆటకు ఐదు గుండ్లు. నంద్యాల జనం దానికి గుండు మిషను అని పేరు పెట్టుకున్నారు.

ఆ మిషను కడుపులో ఒక కాపలాదారు ఉంటాడు. ఇనుప చువ్వకు కట్టిన చిన్న బరువు ఒక ఇత్తడి కడియం మధ్యలో వేలాడుతుంటుంది. ఎవరైనా మిషనును పట్టుకుని గట్టిగా కుదిపితే చువ్వ కడియానికి తగులుతుంది. తగిలితే ఎర్ర దీపం వెలిగి, రెక్కలు చచ్చుబడి, ఆట అక్కడికక్కడే ముగుస్తుంది. మా భాషలో దాన్ని టిల్టు అంటారు. హోటల్లో మాత్రం ‘మిషను అలిగింది’ అనేవారు. అంతకంటే మంచి మాట నాకు ఇంతవరకూ దొరకలేదు.

మాబుసాబ్ హోటల్లో ఆట కంటే ఆట చుట్టూ ఉన్న పద్ధతి నన్ను ఆకట్టుకుంది. ఆడదలచుకున్నవాడు తన నాణేన్ని అద్దం అంచున వరసలో పెట్టేవాడు. ఆ వరసే వంతు. ఆ నాణెం పెట్టింది పత్తి మిల్లు గుమస్తానా, లారీ క్లీనరా, కాలేజీ లెక్చరరా అని ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఆడేవాడి వెనక పది మంది చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆఖరి గుండు మీద ఉన్నప్పుడు మాట్లాడకూడదు, ఆటగాడి మోచేతికి తగలకూడదు. ఈ నియమాలు ఎవరు పెట్టారో తెలియదు. తప్పినవాణ్ణి మాబుసాబ్ ‘బయట్నే ఉండు పో’ అని ఒక్కమాట అనేవాడు. ఎక్కువ అంకె వచ్చినవాడి పేరు ఆయన సుద్దముక్కతో గోడ మీద రాసేవాడు. నేను వెళ్ళిన మొదటి రోజు నుంచి ఆ గోడ మీద పై పేరు దేవదానం. దాని కింద తిరుపాలరెడ్డి.

తిరుపాలరెడ్డి ఆళ్ళగడ్డకు నాలుగు మైళ్ళ దూరంలో ఒక ఊళ్ళో భూస్వామి. కాలువ కింద వరి, మెట్ట మీద పత్తి. నలభై ఐదేళ్ళ మనిషి, మాట కటువు, మనసులో మాట దాచుకునే రకం కాదు. దేవదానం ఆయన ట్రాక్టరు డ్రైవరు. ఊరి చర్చి పక్కన పేటలో పుట్టిన మనిషి. అతని తండ్రి కూడా రెడ్డి కల్లం దొడ్డిలో కాపలా ఉండేవాడు. పత్తి తోలుకుని ఇద్దరూ వారానికొకసారి నంద్యాల వచ్చేవారు. మిల్లులో తూకం అయ్యేలోపు హోటలుకు చేరేవారు. చాలాసార్లు దేవదానం నాణెం ముందు, రెడ్డి నాణెం వెనక ఉండేది. రెడ్డి చేతులు కట్టుకుని తన డ్రైవరు ఆట అయ్యేదాకా నిలబడేవాడు. వాళ్ళ సొంత ఊళ్ళో ఆ దృశ్యం ఎవరి ఊహకైనా అందేదా అని నాకు అనుమానం. ఓడినప్పుడు రెడ్డి అందరికీ వినపడేలా నవ్వేవాడు. ఒకసారి నేను అక్కడ ఉండగానే అన్నాడు: “వీడు ట్రాక్టరు తోలేది దుడ్లకి. ఈ రెక్కలు తోలేది మాత్రం పానం పెట్టి తోల్తాండాడప్పా. సాయిబూ, వీనికి టీ ఇయ్యి.” దేవదానం తల వంచుకుని నవ్వి టీ తాగాడు.

1981లో కంపెనీ పిన్‌బాల్ మిషన్లు వదిలించుకోవాలని నిర్ణయించింది. విడిభాగాలు దొరకడం లేదు. కొనేవాళ్ళున్నారేమో చూడమని నాకు ఉత్తరం వచ్చింది. ఈ మాట ఎట్లా తెలిసిందో, తిరుపాలరెడ్డి మర్నాడే మిషను తానే కొంటానని నా గదికి వచ్చాడు. ఎందుకని అడిగితే, ఇంట్లో తీరిగ్గా ఆడుకుంటానన్నాడు. వంతు కోసం నిలబడాల్సిన పని ఉండదు, మిల్లు వాళ్ళు పిలుస్తున్నారని సగంలో వదిలి పోనక్కర్లేదు అన్నాడు. అందులో తప్పేమీ లేదు. మాబుసాబ్ మాత్రం బరువైన ముఖం పెట్టుకుని మిషను లారీ ఎక్కేదాకా గడపలోనే నిలబడ్డాడు. లారీ వెళ్ళిపోయాక గోడ మీద పేర్లు తుడవమని ఎవరో అంటే, ఉండనీ అన్నాడు.

రెడ్డి ఇంటి ముందు వసారాలో, నాపరాతి బండల మీద నేనే మిషను నిలబెట్టాను. కాళ్ళ కింది మరలు తిప్పి రసమట్టంతో మట్టం చూశాను. ఆ మిషను నూట పది వోల్టులది కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు అమర్చాను. ఇంట్లో నాణేలు ఎందుకని, నాణెం పెట్టె తీసేసి దాని బదులు ఒక గుండీ పెట్టమని రెడ్డి అడిగాడు. పెట్టాను. గుండీ నొక్కితే ఆట మొదలవుతుంది. ఆ పని చేస్తున్నప్పుడు అది చిన్న మార్పు అనుకున్నాను. వంతు అనేది నాణెంతో పాటే పోతుందని, ఇకమీద ఎవరు ఆడాలో రెడ్డి వేలు చూపి చెప్పాల్సి వస్తుందని నాకు తట్టలేదు.

నాలుగు నెలల తర్వాత ఆళ్ళగడ్డ నుంచి పోస్టుకార్డు వచ్చింది. మిషను సరిగా లేదు, వచ్చి చూడమని రెండు వాక్యాలు. పొద్దున బస్సులో ఆళ్ళగడ్డ చేరేసరికి దేవదానం జీపు తీసుకుని వచ్చి ఉన్నాడు. మనిషి కొంచెం చిక్కాడు. నంద్యాల సంగతులు అడిగాడు, మాబుసాబ్ బాగున్నాడా అన్నాడు. మిషను గురించి నేను అడిగినదానికి మాత్రం, “నాకేం తెలుసు సార్, మీరే చూద్దురు” అని ఊరుకున్నాడు.

రెడ్డి ఫిర్యాదు విచిత్రంగా ఉంది. ఆయన మాటల్లోనే చెబుతాను. “మిషనుకు తిక్క పట్టిందప్పా. నేనాడితే బాగానే ఆడ్తాది. ఈ పనోళ్ళెవురు ఆడినా రెండో గుండుకో మూడో గుండుకో అలుగుతాది. నాలుగు నెల్లాయ, ఈ ఇంట్లో నన్ను గెలిచినోడు ఒకడు లేడు. నంద్యాల్లో వారంవారం నన్ను ఓడగొట్న్యోడు, ఈడికొచ్చి చేతులు పడిపోయినోని మాదిరి ఆడ్తాండాడు. ఏందిది?”

నేను మొదట వోల్టేజీని అనుమానించాను. పగలు బోర్ల మోటార్లన్నీ తిరిగేటప్పుడు ఆ లైన్లో కరెంటు బలం పడిపోతుంది. పడిపోతే రెక్కలు నీరసంగా లేస్తాయి, గుండు తప్పిపోతుంది. మీటరు పెట్టి చూస్తే రెండు వందల ముప్ఫై ఉండాల్సిన చోట నూట డెబ్బై ఐదు చూపించింది. దొరికిందనుకుని చెప్పాను. రెడ్డి నన్ను జాలిగా చూశాడు. “నాకు రాని ఓల్టేజీ రోగం వాళ్ళకే యాడ్నుంచి వచ్చెనప్పా?” అన్నాడు. అందులో న్యాయం ఉంది. కరెంటుకు మనుషుల తేడా తెలియదు.

ఆయన పొలానికి వెళ్ళాక అద్దం తీసి పని మొదలుపెట్టాను. కాసేపటికి రెడ్డి భార్య లక్ష్మీదేవమ్మ మజ్జిగ పట్టుకుని వచ్చింది. గ్లాసు ఇచ్చి వెళ్ళిపోకుండా మిషను లోపలికి కుతూహలంగా చూస్తూ నిలబడింది. ఆ ఎర్ర దిమ్మె ఎట్లా మోగుతుంది, ఆ తీగె ఎక్కడికి పోతుంది అని ఆమె అడిగిన ప్రశ్నలు తెలిసిన మనిషి ప్రశ్నలు. మీరు ఆడతారా అమ్మా అన్నాను. మగవాళ్ళు పొలం పోయాక మధ్యాహ్నాల్లో ఆడతానని, పనిచేసే ఆడవాళ్ళు కూడా పక్కన కూచుంటారని చెప్పింది. హోటలుకు ఆమె ఏ జన్మలోనూ వెళ్ళి ఆడగలిగేది కాదు. ఆ మిషను ఇంటికి రావడం వల్ల నిజంగా లాభపడింది ఆమె ఒక్కతే. వెళ్ళబోతూ అన్నది: “నేనాడేటప్పుడు అది ఎప్పుడూ అలగల్యాప్పా. సాయంత్రం ఆయప్ప ముందర వాళ్ళు ఆడేటప్పుడే అలుగుతాది. అది మిషను రోగం కాదేమో చూడు.”

ఆ మాటతో నేను టిల్టు కడియం విప్పి వెలుతురులోకి తెచ్చాను. చువ్వ తగిలినప్పుడల్లా లేచే నిప్పురవ్వకు ఇత్తడి లోపలి అంచు నల్లగా కాలి, చిన్న చిన్న గుంతలు పడి ఉంది. నంద్యాల హోటల్లో రోజంతా జనం ఆడిన రెండేళ్ళలో ఆ కడియాన్ని నేను ఒక్కసారి మాత్రమే తుడిచాను. ఇక్కడ నాలుగు నెలల్లో అది మార్చాల్సిన స్థితికి వచ్చింది. కింద బండలు చూశాను. ముందు కాళ్ళ దగ్గర నాపరాయి మీద గీతలు పడి ఉన్నాయి. ఆట ఉద్రేకంలో మిషను కదిలితే గీతలు అన్ని వైపులా పడతాయి. ఇవి ఒకే వైపు, ఒకే కొలతలో ఉన్నాయి. ఎవరో కాలుతోనో తుంటితోనో లెక్కగా తోసిన గీతలు. ఆ ఇంట్లో ఆడినవాళ్ళు రెడ్డి కంటే అంకె పెరగబోతుందని తెలియగానే మిషనును అలిగేలా చేస్తున్నారు. గుండును వదిలేస్తే కావాలని ఓడినట్టు కనపడుతుంది. అలిగితే తప్పు మిషనుది అవుతుంది. గౌరవంగా ఓడడానికి వాళ్ళకు దొరికిన దారి అది. కారణం పట్టుకున్నానన్న సంతోషం నాకు అప్పుడు ఎంత కలిగిందో ఈరోజుకీ గుర్తుంది.

కొత్త కడియం బిగించి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. దేవదానం తొట్టి దగ్గర నీళ్ళు తోడి పోశాడు. నేను విప్పిన కడియాన్ని అతను వసారా మెట్ల దగ్గర నుంచి చూసే ఉన్నాడు. గొంతు తగ్గించి అడిగాడు: “ఏమని రాస్తారు సార్?”

ఉన్నదే రాస్తానన్నాను.

“అరిగిపోయిందని రాయండి. అరిగింది నిజమే గదా.”

అరిగింది లోపం, కారణం కాదు అని అతనికి వివరించాను. ఆ రెండు గళ్ళకూ తేడా ఏమిటో అప్రెంటిసుకు పాఠం చెప్పినట్టు చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు. తర్వాత అన్నాడు: “మీకు గడి నింపితే పని అయిపోతాది సార్. మేము ఈడ్నే ఉండాల. మా నాయన ఈ దొడ్లోనే ముసలోడాయ. నేను ఆయప్పను నంద్యాల్లో ఎన్నిసార్లు గెలిచినా ఎవురూ ఏమనలేదు. ఈడ గెలిస్తే వసారాలో ఇంకో పదిమంది చూస్తాంటారు. అంతా ఆయప్ప మనుషులే. మీకు అర్థమైతాందా?”

అర్థమైందనే అన్నాను. కానీ అర్థం కాలేదు. అబద్ధం రాయమంటున్నాడు అని మాత్రమే నాకు వినిపించింది. ఇన్ని కార్డుల్లో ఒక్క తప్పుడు కారణం రాయలేదన్న లెక్క నా తలకెక్కి ఉంది. ‘వాడకం వల్ల అరుగుదల’ అని రాసి ఉంటే చీఫ్ ఇంజనీరు కూడా పల్లెత్తు మాట అనేవాడు కాదు. అది అబద్ధమూ కాదు. నేను రాసింది ఇది: ‘ఆటగాళ్ళు ఉద్దేశపూర్వకంగా మిషనును కుదపడం వల్ల టిల్టు కడియం కాలినది. మిషనులో ఏ లోపమూ లేదు.’

సాయంత్రం నాలుగు గంటలకు రెడ్డి తిరిగి వచ్చాడు. కార్డు చేతిలో పెట్టి సంతకం కోసం కలం ఇచ్చాను. ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన ముఖంలో కోపం కనపడలేదు. సంతలో అందరి ముందు పంచె ఊడిన మనిషి ముఖం ఎట్లా ఉంటుందో అట్లా అయింది. నాలుగు నెలలుగా తాను గెలిచిన ఆటలన్నీ ఒక్కసారిగా ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. సంతకం పెట్టి తెల్ల ప్రతి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత దేవదానాన్ని పిలిచాడు.

అప్పటికి వసారాలో పనివాళ్ళు ఏడెనిమిది మంది చేరారు. దొడ్డి వైపు గుంజకు ఆనుకుని దేవదానం తండ్రి నిలబడి ఉన్నాడు. రెడ్డి మిషను గుండీ తానే నొక్కి, పక్కకు జరిగి, చాలా మామూలు గొంతుతో అన్నాడు: “ఆడు. నంద్యాల్లో ఆడినట్ల ఆడు. ఈసారి అలిగిందంటే రేపట్నుంచి పనికి రావద్దు.”

దేవదానం నావైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో నింద లేదు. ఏం చేయమంటావు అని అడిగినట్టుగా ఉంది. నేను చూపు తిప్పుకున్నాను. అతను మీటల మీద వేళ్ళు ఆనించాడు.

ఆ రోజు అతను ఆడిన ఆట నేను చూసిన వాటిలో గొప్పది. మొదటి గుండు చాలాసేపు కిందికి దిగలేదు. రెక్క కొస మీద గుండును ఆపి, ఒక్క క్షణం నిలిపి, కావలసిన దిమ్మెకే తన్నడం అతనికి ఒక్కడికే చేతనైన విద్య. గంటలు మోగుతూనే ఉన్నాయి. నంద్యాలలో అయితే ఈపాటికి పక్క కొట్ల వాళ్ళు కూడా వచ్చి నిలబడేవారు. ఆట అయ్యాక ఎవరో ఒకరు వీపు తట్టేవారు. ఇక్కడ ఎవరూ కదల్లేదు. నాలుగో గుండు మీద అతని అంకె, ఆ ఇంట్లో రెడ్డి అంతవరకూ తెచ్చుకున్న పెద్ద అంకెను దాటింది. తండ్రి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఐదో గుండు పడిపోయాక దేవదానం మీటల మీద నుంచి చేతులు తీసి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తుండుగుడ్డకు తుడుచుకున్నాడు.

రెడ్డి ఆడాడు. ఓడాడు. నిజాయితీగానే ఓడాడు. “బాగా ఆడినావ్” అన్నాడు. నవ్వాలని కూడా చూశాడు. ఆ నవ్వు రాలేదు. ఆయన్ని నేను తప్పుపట్టను. పేరు తెలియని మనుషుల మధ్య ఓడితే అది ఆట. మర్నాడు పొద్దున తాను చెప్పినట్టు వినాల్సిన మనుషుల మధ్య, తన ఇంటి గడప ముందు ఓడితే దానికి వేరే పేర్లు పెడతారు. ఆయన మిషనును మాత్రమే ఇంటికి తెచ్చుకున్నాడు. హోటలు రాలేదు. అది రాదని ఆయనకూ తెలియలేదు, అమ్మిన నాకూ తెలియలేదు. దేవదానం ఒక్కడికే మొదటి రోజు నుంచీ తెలుసు.

అతను నన్ను జీపులో తెచ్చి ఆళ్ళగడ్డ బస్టాండులో దింపాడు. నేనే, ఇప్పుడు నయం కదా, ఇక నాటకం అక్కర్లేదు కదా అన్నాను. “నయమే సార్” అన్నాడు.

తర్వాత జరిగింది నాకు ఎనిమిది నెలలకు గాని తెలియలేదు. తూకం మిషను విడిభాగాలు తీసుకుని ఆళ్ళగడ్డ వైపు వెళుతుంటే బస్సు శిరివెళ్ళలో టైరు పంచరై ఆగింది. దిగి నీడ కోసం చూస్తుంటే రోడ్డు పక్క ఒక ట్రాక్టరు దగ్గర దేవదానం కనిపించాడు. ఆ ట్రాక్టరు రెడ్డిది కాదు. నన్ను గుర్తుపట్టి, పక్కన టీ కొట్టులో కూచోబెట్టాడు. నేను అడగకముందే చెప్పాడు.

ఆ రోజు తర్వాత రెడ్డి అతన్ని పనిలోంచి తీయలేదు. పైగా ప్రతి సాయంత్రం పిలిచి ఆడించాడు. నిజంగా ఆడమన్నాడు. ఆ మనిషికి నిజమైన ఆట కావాలనే ఉంది. దేవదానం రోజూ గెలిచాడు. పదిహేను రోజులకు జమ్మలమడుగు నుంచి రెడ్డి బావమరది చుట్టపుచూపుగా వచ్చాడు. ఒక సాయంత్రం ఆట చూసి, ‘బావా, నీ ఇంట్లో నీ కూలోడు నిన్ను రోజూ కొడ్తాండాడే’ అని నలుగురిలో నవ్వాడట. మర్నాడు పొద్దున ట్రాక్టరు తాళం గూట్లో లేదు. వేరే మనిషి చేతిలో ఉంది. రెడ్డి ఏ కారణమూ చెప్పలేదు. ఇతను అడగనూ లేదు. దొడ్డి పక్కన ఇచ్చిన గది ఖాళీ చేసి, భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని శిరివెళ్ళ వచ్చేశాడు. విత్తనాలు వేసే అదను దాటిపోయింది కాబట్టి ఆ ఏడు ఎవరూ నెల జీతానికి పెట్టుకోలేదు. పిలిచినవాళ్ళ ట్రాక్టరు పిలిచిన రోజు తోలుతున్నాడు.

మీ నాయన ఎట్లా ఉన్నాడు అన్నాను.

“ఆయన ఆడ్నే ఉండాడు. రెడ్డి ఆయన్నేమీ అనలేదు, కూడు పెడ్తాండాడు. నాయనే నాతో మాట్లాడ్తాలేడు. తిన్నింటోని పరువు దీసినావు అంటాడు. మొన్న క్రిస్మస్‌కు గుడికాడ కనపడి పలకరిస్తే, నన్ను దాటుకుని పోయినాడు.” టీ గ్లాసు బల్ల మీద పెట్టి రోడ్డు వైపు చూస్తూ కూచున్నాడు.

మిషను ఏమైందని అడగడం అసందర్భమే. అయినా వృత్తి బుద్ధి, అడిగాను. రెడ్డి దాని ముఖం చూడడం లేదట. లక్ష్మీదేవమ్మ దాన్ని లోపలి గదిలోకి మార్పించి, మధ్యాహ్నాలు ఆడుతోందట.

నేను రాసిందాంట్లో అబద్ధం లేదని ఏదో గొణిగాను. దేవదానం తల ఊపాడు. “అబద్ధమని నేనన్లేదు సార్. నేను చెప్పిన మాటా అబద్ధం కాదు. రెండు నిజాలుంటే మీరు మీకు పేరొచ్చేది రాసుకున్న్యారు.” కోపంతో అనలేదు. ఎడ్ల జతలో ఏది ఎటు లాగుతుందో చెప్పినంత మామూలుగా అన్నాడు. బస్సు హారను కొట్టింది. టీకి డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.

క్షమించమని అతన్ని నేను అడగలేదు. నా తప్పును క్షమించే పని కూడా అతని మీదే వేసినట్టు అవుతుందని ఊరుకున్నాను. తర్వాత అతన్ని మళ్ళీ చూడలేదు.

నేను అతనికి ఉపయోగపడింది ఏమీ లేదు. నా పనిలో వచ్చిన మార్పు మాత్రం ఇది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో కార్డులు రాశాను. ఒక లోపం వెనక మనిషి చెయ్యి కనపడితే, యజమాని కంటే ముందు ఆ మనిషితో మాట్లాడాను. అతను చెప్పింది విని, ఉన్న నిజాల్లో అతన్ని బతకనిచ్చేదే రాశాను. ఇట్లాంటి కార్డులకు మద్రాసు నుంచి రెండు మెమోలు వచ్చాయి. రెండింటికీ సంజాయిషీ ఇచ్చాను, కార్డు మాత్రం మార్చలేదు. చెడిన కారణం కనిపెట్టడం మా పనిలో సగమే. దాన్ని ఎవరి చేతికిస్తున్నామో, వాళ్ళు చదివాక ఎవరి పొయ్యి ఆరుతుందో తెలుసుకోవడం మిగతా సగం. ఆ రెండో సగం నాకు అప్రెంటిసు రోజుల్లో ఎవరూ నేర్పలేదు. నేను నేర్చుకునేసరికి ఒక మనిషికి కొలువు పోయింది, తండ్రి దూరమయ్యాడు.